సెనగచేను పంతులమ్మ

తెల్లవారినా మంచు ఇంకా విడవలేదు. గట్టెక్కిన చంద్రప్పకు తన సెనగచేనులో మొక్కల మీద పరిచిన తెల్ల పంచె కనిపించింది. పక్కనే ఒక పడుచుపిల్ల, ఇద్దరు పిల్లలు గొంతుకూర్చుని ఉన్నారు.

"ఎవలది? నా చేనేమన్న చాకిరేవనుకున్నరా?"

ఆమె తల తిప్పి చూసిందే గాని బెదరలేదు. "జర ఆగు. పాఠం నడుస్తుంది."

"బట్టలారేసుడు గూడ పాఠమేనా?"

"ఆరేసుడు గాదు, తడుపుడు. నిన్న పొద్దుమీకి పరిచిపోయినం. సెనగాకు పులుపంత మంచుతోని బట్టకు దిగుతది."

పంచె కొంగు పిండి పిల్లల్లో పెద్దదాని అరచేతిలో రెండు చుక్కలు రాల్చింది. ఆ పిల్ల గిరిజ నాలుక పెట్టి ముఖం చిట్లించుకుంది. తమ్ముడు వీరన్న "నాకు, నాకు" అని ఎగబడ్డాడు.

"గీ పంచె ఎవలది?" అన్నాడు చంద్రప్ప.

"మా బాపుది. బాపుకు తెల్వది" అన్నాడు వీరన్న.

చంద్రప్పకు కోపం నిలవలేదు. ఊరి పటేల్ చెన్నబసప్ప పంచె సెనగపులుసులో నానడం అతనికి పండగలాగే ఉంది.

ఇది అరవై రెండో సంవత్సరం మాట. చిరాగ్‌పల్లిలో బడి ఉన్నా పటేల్ పిల్లలకు మాత్రం ఇంట్లోనే చదువు. ఊరి పిల్లలంతా కూర్చునే చాప మీద తన పిల్లలు కూర్చుంటే పటేల్గిరీ అరిగిపోతుందని ఆయన భయం కాబోలు. అందుకని జహీరాబాద్ దర్జీ రేవణసిద్ధప్ప కూతురు శాంతమ్మను కుదుర్చుకున్నాడు. మెట్రిక్ ప్యాసైన పిల్ల, రోజూ మొదటి బస్సుకు వచ్చేది. నాలుగు గోడల మధ్య చదువు చెప్పమని ఆయన పెట్టుకుంటే, ఆమె పిల్లల్ని గోడ దాటించి చేలల్లోకి తీసుకుపోయింది.

ఆ తర్వాత పాఠాలు తరచుగా చంద్రప్ప చేలోనే జరిగాయి. కుసుమపువ్వు మీద తేనెటీగలు, జొన్నకంకుల మీద పిచ్చుకలు, పుట్ట కింద చీమల దారులు. చంద్రప్ప గట్టు తెగిందన్న వంకతో పార పట్టుకుని అక్కడే తచ్చాడేవాడు.

"దినాం గట్టు తెగుతుందంటవేందిరా?" అంది తల్లి నాగవ్వ. "అది గట్టా, ఉల్లిగడ్డ పొట్టా?"

ఇంతలో ఎల్లమాస వచ్చింది. ఆ అమావాస్యనాడు అక్కడి రైతులు చేలోనే పూజ చేసి, అన్ని కూరలూ పప్పులూ కలిపి వండిన భజ్జి, అంబలి గట్టు మీదే తింటారు. అటుగా వచ్చిన వాళ్ళను ఉత్త కడుపుతో పోనివ్వరు. ఆరోజు పొయ్యి దగ్గర నాగవ్వ చెయ్యి కాలింది. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన శాంతమ్మ అది చూసి, కొంగు నడుముకు దోపి అందరికీ వడ్డించింది.

అదే పొరపాటయింది. ఎల్లమాసనాడు చేలో వడ్డించేది ఆ ఇంటి ఆడపిల్ల, కాకపోతే కోడలు. నాగవ్వకు కూతుళ్ళు లేరు. తిన్నవాళ్ళు మూతి కడుక్కోకముందే మాట ఊరెక్కింది: చంద్రప్పకు పంతులమ్మను చేసుకున్నారట!

పటేల్ శాంతమ్మను పిలిచాడు. "నా ఇంట్ల చదువు చెప్పేదాని పేరు రచ్చకెక్కొద్దు. నిజమైతే రేపటి సంది రాకు."

ఈ సంగతి గిరిజ ద్వారా తెలిసి, మర్నాడు తెల్లవారగానే చంద్రప్ప పరుగున పటేల్ ఇంటికి పోయాడు. అలాంటిదేమీ లేదని, అంతా లోకుల నోటి దూల అని చెప్పి వచ్చాడు. ఆమె కొలువు నిలబెట్టానని మీసం దువ్వుకుంటూ బస్సు ఆగేచోట నిలబడ్డాడు.

బస్సు దిగిన శాంతమ్మ ముఖం తిప్పుకుని నడిచింది.

"పంతులమ్మా, ఫికర్ చెయ్యకు. అబద్ధమని చెప్పిన."

ఆమె గిర్రున తిరిగింది. "ఎవల్నడిగి చెప్పినవ్?"

"అరే... నీ కొలువు పోతదని..."

"కొలువు నాది. పోతే ఇంకోటి ఎతుక్కుంట. నువ్వు లేదంటివి, ఇగ ఊరంత నవ్వుతది. నిజంగనే లేదా?"

చంద్రప్ప మీసం మీది చెయ్యి దించాడు. "ఉన్నది. మస్తున్నది. నీకున్నదో లేదో తెల్వక..."

"ఊకెనే ఇంతదూరం నీ చేనుకే వస్తనా? పటేల్ చేలల్ల చీమలు లేవా?" అనేసి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చంద్రప్ప నేరుగా మళ్ళీ పటేల్ ముందుకు పోయాడు. శాంతమ్మ వెనకాలే వచ్చి గడప దగ్గర నిలబడింది.

"పొద్దుగాల లేదంటివి, ఇప్పుడు ఉన్నదంటివి!" కసిరాడు పటేల్.

"పొద్దుగాల ఆమెనడగలే పటేలా."

పటేల్ గడ్డం గోక్కున్నాడు. పట్నం సంబంధమైతే పంతులమ్మ పట్నం పోతుంది. ఈ సంబంధమైతే ఊళ్ళోనే ఉంటుంది, బస్సు ఆలస్యమనే మాట ఉండదు. పెద్దోళ్ళ దీవెన కూడా లాభం చూసుకునే దిగుతుంది.

"ఈమె బాపు రేవణసిద్ధప్పను పిలువుండ్రి. మాట్లాడుదం. పంతులమ్మా, చదువు మాత్రం ఆగొద్దు."

బయటికి వచ్చాక చంద్రప్ప నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇగ పాఠాలు నాకు గూడ చెప్తవా?"

"మొదటి పాఠం చెప్త, ఇను. నన్నడగకుంట నా గురించి ఉన్నదని చెప్పకు. లేదని అసలే చెప్పకు."

"సరే పంతులమ్మా" అన్నాడు చంద్రప్ప, బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని.