గోడ మీద ఎర్ర నెంబర్లు

నేను ప్రేమలో పడ్డది చేతిలో టేపుతో. ఉప్పాడలో సముద్రానికి దగ్గరగా మిగిలిన చివరి వరుస ఇళ్ళ గోడలు కొలుస్తుంటే, మూడో ఇంట్లోంచి ఒకమ్మాయి చీపురుతో సహా బయటికొచ్చింది.

"ఏవండీ, మా గోడతో ఏంటి పని?"

నా పేరు యుగంధర్ అని, కాకినాడలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తానని, నాయకుల మొహాలకు తెల్లరంగు పులిమీ పులిమీ విసుగొచ్చి పనికొచ్చే బొమ్మ ఒక్కటైనా వేద్దామని వచ్చానని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఐదిళ్ళ గోడలూ కలిపి ఒకే బొమ్మ. పెద్ద జాందానీ చీర, దాని కొంగు సముద్రంలోకి జారిపోతుంటుంది. పూల బుటాల బదులు సముద్రం మింగేసిన వీధుల పేర్లు. కింద ఒకే ప్రశ్న: మిగిలినవాళ్ళం ఎక్కడికి పోవాలి? బీచ్ రోడ్డు మీద పోయే ప్రతి కారుకూ కనబడాలి.

ఆమె నా స్కెచ్ చూసి పగలబడి నవ్వింది. కొంగు డిజైను తీసుకెళ్ళి అంచులో పెట్టానట. పేరు హైమ. తండ్రి సత్యనారాయణగారు మగ్గం నేస్తే, ఆ డిజైన్లు గ్రాఫ్ పేపరు మీద గళ్ళు లెక్కపెట్టి గీసేది ఈమే. నా బొమ్మను కూడా అలాగే ఐదు షీట్ల మీద గీస్తానంది, ఇంటికొకటి చొప్పున.

నెల రోజులు ప్రతి సాయంత్రం ఉప్పాడ బస్సెక్కాను. బొమ్మ కోసమని మా ఓనరుతో చెప్పేవాణ్ణి. ఒకరోజు వాన దంచికొడుతుంటే చూరు కింద నిలబడి, షీట్లు తడవకుండా చున్నీ కప్పింది గానీ పక్కన నేను తడిసి ముద్దవుతున్న సంగతి ఆ మహాతల్లికి పట్టనే లేదు. తర్వాత తువ్వాలు తెచ్చిచ్చి, రంగులేసేవాడు జ్వరం తెచ్చుకుంటే ఎలా అని కసిరింది. ఆ కసురు విన్నాక నాకిక ఊళ్ళో వేరే అమ్మాయి కనిపిస్తే ఒట్టు.

ఏ గోడకు ఏ షీటో సుద్దతో నెంబరు రాసుకోమంది. మంగళవారం ఆమె చీరలు ఇవ్వడానికి తండ్రితో కాకినాడ వెళ్ళింది, చీకటిపడే వేళకి వీధిలో ఎవరూ లేరు. సుద్ద చినుక్కి చెరిగిపోతుందని, నా తెలివి తెల్లారినట్టే ఉంది, ఎర్ర పెయింటుతో ఐదిళ్ళకూ ఒకటి నుంచి ఐదు దాకా వేసి, చుట్టూ సున్నాలు చుట్టి వచ్చేశాను.

బుధవారం ఓనరు వదల్లేదు, మళ్ళీ గురువారం వెళ్తే ఇల్లంతా పండగలా ఉంది. హైమ అంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"సర్వేవాళ్ళు మా గోడ మీద నెంబరేశారండీ. కాలనీలో స్థలం వచ్చేసినట్టే. మీ సుద్ద గుర్తులు వానకి పోయినట్టున్నాయి, ఎక్కడా లేవు."

పోయినసారి ఇళ్ళు సముద్రంలో పోయినవాళ్ళకి ప్రభుత్వం కాలనీలో స్థలాలిచ్చినప్పుడు కూడా సర్వేవాళ్ళు ఇలాగే ఎర్రగా రాశారట, సున్నా చుట్టి మరీ. ఆలస్యంగా ఖాళీ చేసినవాళ్ళ పేర్లు కొట్టేశారని ఊళ్ళో ఒక భయం. సత్యనారాయణగారు నా భుజం తట్టి, కొత్తింటి గోడ మీద కూడా నువ్వే బొమ్మ వెయ్యాలి బాబూ అన్నారు.

అప్పుడు చెప్పాలి. చెబితే ఆ నవ్వు పోతుంది, దాంతోపాటు నేనూ పోతాను. రేపు చెబుదాంలే అనుకుని బస్సెక్కాను. పిరికి వెధవని.

మర్నాడు వెళ్ళేసరికి, మిగతా నాలుగిళ్ళవాళ్ళకంటే ముందే సత్యనారాయణగారు మగ్గం విప్పేశారు. సగం నేసిన చీరను పడుగు దారాలతో సహా కోసి మూట కట్టేశారు. కొత్త ఇంటికి పనికొస్తాయని పైకప్పు పెంకులు కూడా దింపేశారు. అక్కడే గుమ్మంలో కూలబడి హైమకు నిజం చెప్పాను. ఆమె లోపలికెళ్ళి ఆ మూట పక్కన కూర్చుంది.

ఆ రాత్రి పట్టిన వాన మూడు రోజులు వదల్లేదు. కప్పులేని మట్టిగోడలు నాని కూలిపోయాయి. సగం చీర ఎవరిక్కావాలి? పట్టు ఇచ్చిన షావుకారు ఇక పని ఇవ్వనన్నాడు. వాళ్ళు కూలి మగ్గం వెతుక్కుంటూ వెంకటగిరి పోతున్నారని పక్కింటి మహాలక్ష్మమ్మగారు ఫోన్ చేసి చెబితే బస్సెక్కి పరిగెత్తాను.

ఆటోలో సామాన్లు సర్దుతున్న సత్యనారాయణగారికి అప్పటిదాకా అసలు సంగతి తెలీదు, హైమ చెప్పలేదు. నేనే చెప్పాను. కొడతారనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆయన మూట దించారు.

"నువ్వా బాబూ. సముద్రం వాకిట్లోకొచ్చిన ఈ మూడేళ్ళలో, గోడ మీద నెంబరు చూశాక ఆ మూడు రాత్రులే కంటినిండా నిద్రపోయాను."

మళ్ళీ మూట ఎత్తుకున్నారు. హైమను క్షమించమని అడిగే మొహం నాకెక్కడుంది? ఆమే దగ్గరికొచ్చింది.

"ఆ శుక్రవారం రాత్రి మన సంగతి నాన్నకి చెబుదామనుకున్నానండి. స్థలం వచ్చిన సంతోషంలో కాదనరని."

అంతకుముందు మా ఇద్దరిలో ఎవరూ 'మన సంగతి' అనే మాట అనలేదు.

ఆటో కదిలింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదంటే అబద్ధం. మలుపు దాకా చూస్తూనే ఉంది. నేనే తలెత్తలేకపోయాను.