ఉప్పులో ఊరిన టర్కీ కోడి

క్రిస్మసు ఇంకా రెండు రోజులుందనగా, బందరు గొడుగుపేటలో డిటెక్టివు శేషాచలం కాఫీ గ్లాసు కింద పెట్టకముందే రావమ్మ వచ్చి అరుగు మీద కూలబడింది. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి మానేసిన మనిషి. ఎంత రక్తం చూసినా బెదరనిది ఆ ఉదయం వణికిపోతోంది.

“నా టర్కీ కోడి పోయిందండీ. కోడి పోతే పోయింది, సాయంత్రం మా పనివాడు కోటయ్యని లాకప్పులో వేస్తారట. ముసలాడు, దొంగ కాదండీ!”

సహాయకుడు అల్లాబక్షు నవ్వు ఆపుకున్నాడు. వంటింట్లోకి ఉల్లిపాయనైనా రానివ్వని గురువుగారు కోడి కోసం వెతకడం చూడాలని అతనికి మహా సరదాగా ఉంది. అయినా ఆయన కనిపెట్టలేనిది ఉంటుందని అతను ఒక్కనాడూ అనుకోలేదు.

దారిలో రావమ్మ అంతా చెప్పింది. కోడిని కోసి, శుభ్రం చేసి, ఉప్పూ బెల్లమూ కలిపిన నీళ్ళ జాడీలో ముక్కలు చెయ్యకుండా ఊరబెట్టింది. చిటికెడు సురేకారం కూడా వేసింది.

“సురేకారం ఎందుకమ్మా?”

“పాడవకుండానండీ. దాంతో ఉడికినా మాంసం ఎర్రగానే ఉంటుంది. తర్వాత ఆరబెట్టి, పాకలో వేలాడదీసి, కొబ్బరి పీచూ ఊకా రాజేసి మంట లేకుండా పొగ పెట్టాం. కోటయ్య అక్కణ్ణించి కదల్లేదు. నిన్న పొద్దుగూకాక అన్నానికెళ్ళి వచ్చేసరికి కొక్కెం ఖాళీ.”

“తీసుకెళ్ళినవాడు వెంటనే వండుకోవచ్చా?”

“అయ్యో, రాత్రంతా మంచినీళ్ళలో నానేస్తే గాని నోట పెట్టలేమండీ.”

రావమ్మ ఇల్లూ, మరిది ధనరాజు ఇల్లూ ఒకే ప్రహరీలో ఉన్నాయి. పోలీసులకు కబురు పెట్టింది ధనరాజే.

“వాడి ఒళ్ళంతా పొగ కంపేనండీ, ఇంకేం సాక్ష్యం కావాలి? ఆ కోడి మీద మాకూ మమకారం ఉంది. దాని గుడ్డు పొదిగింది మా పెట్టే!” అన్నాడు ధనరాజు. ఆ వెంటనే వీధిలోకి తిరిగి, “ఒరే, ఇంకో కావడి నీళ్ళు పొయ్యరా!” అని కేకేశాడు.

ఆ వీధి బావుల్లో నీళ్ళు ఉప్పన. తాగే నీళ్ళు కావడివాడు తేవలసిందే. గుమ్మం పక్కన ధనరాజు కుక్క, కొత్తవాళ్ళను చూసి మొరగడం కూడా మరిచి, నీళ్ళ గోలెంలో మూతి పెట్టి తాగుతోంది. శేషాచలం కాసేపు దాన్నే చూసి, అల్లాబక్షుని ఆ ఇంటి పెరటి చెత్తకుప్ప వైపు పంపాడు.

సాయంత్రం రావమ్మ వసారాలో అందరూ చేరారు. కానిస్టేబులు కోటయ్య చెయ్యి పట్టుకు నిలబడ్డాడు.

“పొగ వేసినవాడి ఒంటికి పొగ అంటుకోక ఏమంటుకుంటుంది?” అన్నాడు శేషాచలం. “నాకు మాంసం తెలియదు, ఊరగాయ తెలుసు. ఊరిన మామిడి ముక్కల్ని కూరలో వేసి, మళ్ళీ గుప్పెడు ఉప్పు వేస్తే ఏమవుతుంది? దొంగ చేసింది అదే. కోటయ్యకు నానబెట్టాలని తెలుసు. తెలియనివాడు అదే రాత్రి వండేసి, రుచి చూసి, తినలేక కుక్కకు పెట్టాడు. ఇంటిల్లిపాదికీ దాహం, కుక్కకూ దాహం. అల్లాబక్షూ!”

అల్లాబక్షు బాదమాకు పొట్లం విప్పాడు. కూరకారం అంటిన పెద్ద ఎముక, దాని మీద ఎర్రటి మాంసం.

“ఇది ధనరాజుగారి చెత్తకుప్పలోది. మామూలు కోడి కాలు ఇంత ఉండదు, ఉడికాక ఇంత ఎర్రగానూ ఉండదు” అన్నాడతను.

ధనరాజు తల దించుకున్నాడు. “పొదిగింది మా పెట్ట, వదినా. మొదటి పిట్ట మీకే అన్నావు. మరిచిపోయావు.”

రావమ్మ ముఖం పాలిపోయింది. నిజంగానే మరిచిపోయింది. “అడిగితే ఇచ్చేదాన్ని కదయ్యా! దానికోసం కోటయ్యని జైలుకి పంపుతావా?” అంది. ఆమెకు సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి.

కానిస్టేబులు చెయ్యి వదిలేశాడు. కోటయ్య ధనరాజు ముందుకు వచ్చి మెల్లగా అడిగాడు.

“బాబూ, తృప్తిగా ఒక్క ముద్దయినా తిన్నారా?”

“లేదు కోటయ్యా. దిగలేదు.”

పొద్దుట్నించీ కంట తడి పెట్టని కోటయ్య, తను కాపలా కాసి పొగ పెట్టిన కోడి ఎవరి నోటికీ దక్కలేదని, అప్పుడు పైపంచెతో కళ్ళు తుడుచుకున్నాడు.