నాలుక కింద శనగగింజ

పాఠం చదువుతుంటే సగంలో కోటేశ్వరమ్మ గొంతు ఆగిపోయింది.

నాలుక కింద ఏదో తగిలింది. శనగగింజంత ఉంది. పొద్దున తిన్నదేదో ఇరుక్కుందేమోనని నాలుక కొసతో నెట్టి చూసింది. మెత్తగా లోపలికి పోయి మళ్ళీ పైకొచ్చింది. ఊడి రాలేదు. అది తిన్నది కాదు. తన నోట్లోనే పుట్టింది.

"ఏందమ్మా, మిగతా పాఠం మింగేశావా?" అన్నారు ధనుంజయరావు మాస్టారు. క్లాసంతా నవ్వింది.

"ఏం లేదండి," అని కూర్చుంది కోటేశ్వరమ్మ.

నిజానికి ఆ మాట వాళ్ళమ్మ నాగులమ్మది. నడుం పట్టేసినా ఏం లేదు, జ్వరం కాసినా ఏం లేదు. మూడు వారాలుగా ఎడమ అరచేతికి గుడ్డపీలిక చుట్టుకుని తిరుగుతోంది. అదేందని అడిగితే అప్పుడూ అదే మాట.

నాగులమ్మ, ఆమె భర్త ఎల్లయ్య గురజాల బయట నాపరాళ్ళ గనిలో పనిచేస్తారు. ఆయన రాయి చీలుస్తాడు, ఆమె మోస్తుంది. అక్కడ నీడ లేదు. నీళ్ళకుండ ఎక్కడో దూరాన మేస్త్రీ పాక దగ్గర ఉంటుంది. మాటిమాటికీ అంత దూరం పోలేక గనిలో వాళ్ళంతా ఒక పని చేస్తారు. వాగులో ఏరిన నున్నటి గులకరాయి నాలుక కింద పెట్టుకుంటారు. నోట్లో నీరూరుతుంది. కాసేపు దాహం ఆగుతుంది.

ఆదివారాలు సద్ది తీసుకెళ్ళే కోటేశ్వరమ్మ ఇది చూసింది. తనకూ ఒకటి కావాలంది. పిల్లలకు వద్దని, గొంతులో పడుతుందని ఎల్లయ్య కసిరాడు. ఆ సాయంత్రమే ఆమె వాగులో ఒక రాయి ఏరుకుంది.

పెద్దవాళ్ళు మాట్లాడాలన్నా తినాలన్నా రాయి తీసేస్తారు. పనయ్యాక పారేస్తారు. ఈమె మాత్రం నెల రోజులుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోట్లోనే ఉంచుకుంది. పాఠం చదవమన్నప్పుడు మాత్రం పరికిణీ కొసలో ముడేసేది. ఎవరికీ తెలియని రహస్యం నోట్లో పెట్టుకు తిరగడం భలేగా ఉండేది.

ఇప్పుడు భలేగా లేదు. పక్కింటి పెదకోటయ్య తాతకు కూడా నోట్లోనే గడ్డ లేచింది. గంజి కూడా మింగలేక, ఏడాది తిరక్కముందే పోయాడు.

అమ్మకు చెప్పేద్దామనుకుంది. నాగులమ్మ గని నుంచి వచ్చి, గోడకు చేరగిలి, కూర్చున్న చోటే కళ్ళు మూసింది. పొయ్యి ఇంకా వెలిగించలేదు. ఆ ముఖం చూశాక కోటేశ్వరమ్మ నోరు తెరవలేకపోయింది.

ఆ పూట మంటకు భయపడి గోంగూర పచ్చడి ముట్టలేదు. జొన్నన్నంలో నీళ్ళు పోసుకుని తాగింది.

"ఏమే, కూడెందుకు తినవు?"

"ఏం లేదు."

మళ్ళీ అడిగే ఓపిక నాగులమ్మకు లేదు. ఒంటిచేత్తో గిన్నె కడిగి బోర్లించింది.

నాలుగో రోజు బడికి పోతుంటే నోట్లో ఏదో చిట్లింది. ఉప్పగా, జిగురుగా నీరు వచ్చింది. నాలుకతో వెతికింది. గింజ లేదు. ఆ రోజు పాఠం గడగడా చదివి మాస్టారితో శభాష్ అనిపించుకుంది.

మూడు రోజులకు అది మళ్ళీ వచ్చింది. ఈసారి రేగుపండంత. నాలుక కదిపితే పళ్ళకు ఒరుసుకుంటోంది. మాట ముద్దగా వస్తోంది.

ఒకసారి చిట్లింది గదా, మళ్ళీ చిట్లగొడితే పోతుందనుకుంది. ఆదివారం మధ్యాహ్నం ఇంటి వెనక తుమ్మకంప నుంచి పొడుగాటి ముల్లు విరిచింది. అద్దం ముక్కను గోడకు ఆనించింది. నోరు తెరిచింది. ముల్లు మొన నాలుక కిందికి పోయింది.

వెనక నుంచి ఎవరో ఆమె మణికట్టు పట్టుకున్నారు.

సద్ది రాలేదని గని నుంచి ఎండలో నడిచొచ్చిన నాగులమ్మ. ఆమె తిట్టలేదు. ముల్లు తీసి పారేసింది. కూతురి గడ్డం ఎత్తి నోట్లోకి చూసింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు చానా అలిసిపోయుంటావు గదా."

నాగులమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

మర్నాడు ఆమె పని మానేసి కూతుర్ని డాక్టరు అబ్దుల్ గఫార్ దగ్గరికి తీసుకెళ్ళింది. యుద్ధం రోజులు, మందులు సరిగా దొరకడం లేదు. అయినా వసారా నిండా జనం. తెల్లారినప్పటి నుంచి చూస్తూనే ఉన్న డాక్టరు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ముల్లు సంగతి విని తల పట్టుకున్నాడు. కోటేశ్వరమ్మను కిటికీ వెలుగులోకి తిప్పి, చెంచా కాడతో నాలుక ఎత్తి చూశాడు.

"రోజూ నోట్లో ఏం పెట్టుకుంటావు బిడ్డా?"

ఏం లేదు అనే మాట పెదవుల దాకా వచ్చింది. అమ్మ వైపు చూసింది. పరికిణీ కొస ముడి విప్పి గులకరాయిని బల్ల మీద పెట్టింది.

"దొంగ దొరికాడు," అన్నాడు డాక్టరు. ఉమ్మి వచ్చే సన్నటి దారి ఈ రాయి ఒరిపిడికి దెబ్బతిందని, బయటికి రావలసిన నీరు లోపలే చేరి ఉబ్బిందని చెప్పాడు. పెదకోటయ్య తాతలా పోతానా అని కోటేశ్వరమ్మ అడిగితే, ఆయనది వేరు, నీది వేరు అన్నాడు. చిన్న గాటు పెట్టి ఆ నీరు చేరే తిత్తిని తీసేస్తానన్నాడు.

కత్తి తగలగానే కోటేశ్వరమ్మ పక్కనున్న అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె అరవలేదు. నాగులమ్మే అబ్బా అని వంగిపోయింది.

అది ఎడమ చెయ్యి.

పని అయింది. నోట్లో దూది పెట్టి ఇంటికి వెళ్ళమన్నాడు డాక్టరు. నాగులమ్మ అప్పటికే చేతిని పైట కింద దాచేసింది. గడప దగ్గర కోటేశ్వరమ్మ ఆగింది. తన వేళ్ళ మీద తడి ఉంది. పసుపు, చీము కలిసిన వాసన.

ఆమె వెనక్కి తిరిగింది. అమ్మ చేతిని పైట కింద నుంచి బయటికి తీసి డాక్టరు బల్ల దాకా నడిపించింది.

"ఏం లేదయ్యా, రాతి పెచ్చు గీరుకుంది," అంది నాగులమ్మ. తర్వాత వంగి కూతురి చెవిలో, మేస్త్రీకి తెలిస్తే పనిలోకి రానీడని గొణిగింది.

కోటేశ్వరమ్మ నోటి నిండా దూది. నాలుక మొద్దుబారి ఉంది.

"ఉందండి," అంది ముద్దముద్దగా.

అని, అమ్మ అరచేతి గుడ్డపీలిక ముడి మెల్లగా విప్పసాగింది.