గిడ్డంగి గోడ అవతలి గొంతు

పొద్దుగూకాక మోరివాకి వాళ్ళ గిడ్డంగి సందులో ఎవరూ నడవరు. ఉత్తరాలు పంచే మనిషి కూడా, చీకటి పడితే ఆ సందు ఉత్తరాలు మర్నాటికి అట్టే పెట్టుకుంటాడు గానీ సైకిలు అటు తిప్పడు.

ఒకప్పుడు సోయా సాసు పీపాలు దాచిన కట్టడం అది. మూరెడు మందాన మట్టిగోడలు. ముసలి యజమాని ఓ రాత్రి అందులోనే, పీపా పక్కన కూలబడి ప్రాణం వదిలాడట. ముప్ఫై ఏళ్ళయింది. అప్పట్నుంచీ తాళం. అప్పట్నుంచీ ఆ గోడ పక్కన వెళ్తుంటే లోపల ఎవరో గొంతు సవరించుకుంటారని పేరు.

నిజమేనా అంటే నేను చెప్పలేను. నేనూ చుట్టు తిరిగే వెళ్తాను.

అలాంటి చోటికి రాత్రిపూట, ఒంటరిగా, అందులోనూ దెయ్యం కథ చదవడానికి వెళ్ళింది మా మిత్సుయోగారు. ఆవిడ నాకు చెప్పింది చెప్పినట్టు మీకు చెబుతున్నాను.

మా ఊళ్ళో ఏడుగురం కలిసి ఓ పని చేస్తుంటాం. రాసినవాళ్ళు ఎప్పుడో పోయి, ఇక ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసిన పాత పుస్తకాలు తీసుకుని, పైకి చదివి, రికార్డు చేసి, నెట్‌లో ఉచితంగా పెడతాం. రాత్రంతా లారీ నడిపేవాళ్ళు వింటారు, నైట్ డ్యూటీ నర్సులు వింటారు, కళ్ళు లేనివాళ్ళు వింటారు. మంచి మాటల పుస్తకాలు పెడితే పదిమంది. దెయ్యాల కథ పెడితే పదివేలు. దాంతో మావన్నీ దెయ్యాలే అయిపోయాయి. చదివినదాంట్లో దగ్గులూ గుటకలూ ఏరేసే పని నాది.

మిత్సుయోగారికి అరవై రెండేళ్ళు. ముప్ఫై ఏళ్ళు టూరిస్టు బస్సులో మైకు పట్టుకుని కొండలూ గుళ్ళూ చూపించిన గొంతు. తేనెలా ఉండేది. మనిషి మాత్రం ఉత్త పిరికిది. దీపం ఆర్పి నిద్రపోదు. దెయ్యాల కథలన్నీ ఆవిడకే ఎందుకిస్తారని ఎవరో అడిగితే చేపల ఇసోగాయిగారు అన్నాడు— "చదివేవాడు వణికితేనే కదండీ వినేవాడు వణికేది."

ఈ ఇసోగాయిగారు నలభై ఏళ్ళు చేపల కొట్టు నడిపి మానుకున్న మనిషి. చెట్టంత ఆకారం. చదివింది పుస్తకంతో సరిచూడటం ఆయన వంతు.

ఆ అక్టోబరులో మిత్సుయోగారి గొంతులో గడ్డ ఉందని తేలింది. డిసెంబరు ఆరున ఆపరేషను. ప్రాణానికేం భయం లేదు గానీ, మాట పలికించే నరం ఆ పక్కనుంచే పోతుందట. "ఇదే గొంతు మళ్ళీ వస్తుందని మాట ఇవ్వలేనమ్మా," అన్నాడు డాక్టరు.

ఆవిడ ఏడవలేదు. మా దగ్గరికొచ్చి ఓ పుస్తకం బల్ల మీద పెట్టింది. వందేళ్ళనాటి పెద్ద కథ. పద్నాలుగు భాగాలు. ఓ పాడుబడ్డ ఇంటి గురించి.

"ఎన్నాళ్ళుగానో చదవాలనుకుంటున్నాను. భయమేసి వాయిదా వేశాను," అంది. "ఇదొక్కటి నా గొంతుతో మిగలనివ్వండి."

చదవడానికి చోటేదీ? ఆవిడ ఇంటి వెనకే రైలు. మా గది పక్కనే పెద్దవాళ్ళ పాటల క్లబ్బు. పగలు ఎక్కడ చూసినా కాకులూ లారీలూ. అప్పుడు ఇసోగాయిగారు ఆ గిడ్డంగి మాట ఎత్తాడు. మోరివాకి మనవడు ఒసాకాలో ఉంటాడు, ఈయనకి తెలిసినవాడే, తాళంచెవి ఇచ్చాడు.

"ఆ గోడల మధ్య సూది పడినా వినిపిస్తుంది," అన్నాడాయన. "ఊళ్ళో మాత్రం అనకండి, గోల చేస్తారు. ఇక దెయ్యం సంగతంటారా... నాకో ఫోను కొట్టండి. ట్యూనా తలకాయలు నరికిన చేతులివి."

చలి ముదిరి, కీచురాళ్ళు కూడా నోరు మూసుకున్నాక మొదలుపెట్టింది. రాత్రి తొమ్మిదింటికి వెళ్ళేది. వెలుగు బయటికి పోకుండా కిటికీకి నల్ల గుడ్డ. ఓ బ్యాటరీ దీపం, ఫ్లాస్కు నిండా వేడి బార్లీ టీ, బోర్లించిన చెక్క తొట్టి మీద మైకు. గోడ అడుగున గాలికోసం జానెడు కంత ఉంటే దాన్ని చూడకూడదని వీపు అటు పెట్టి కూర్చునేది.

మొదటి రాత్రి ఏమీ కాలేదు. రెండో రాత్రీ ఏమీ కాలేదు.

మూడో రాత్రి...

మా జపాను లిపితో ఓ చిక్కుంది. అక్షరాలు అవే అయినా పలుకు మారితే అర్థం మారిపోతుంది. 'హితోకే' అంటే మనిషి అలికిడి. అవే అక్షరాల్ని 'నింకి' అని పలికితే జనంలో మోజు అని అర్థం. కథలో, మనిషి అలికిడి లేని ఇంట్లో దీపం వెలిగింది అని ఉంది. వణుకులో ఆవిడ నోట 'నింకి' అని వచ్చింది. అంత భయంకరమైన ఇల్లు కాస్తా, జనానికి మోజు తీరిపోయిన ఇల్లయి కూర్చుంది.

ఆవిడ గమనించలేదు. తర్వాతి వాక్యానికి ఊపిరి తీసుకుంది—

"హితోకే..."

వెనకనుంచి. నేల దగ్గరనుంచి. ఎండుటాకు గీసుకున్నట్టున్న గుసగుస.

ఎలా లేచిందో, తాళం ఎలా వేసిందో ఆవిడకి గుర్తులేదు. ఇంటికెళ్ళి ఉన్న దీపాలన్నీ వేసుకుని కూర్చుందట.

మర్నాడు చెవులకి పెట్టుకుని నేను విన్నాను. ఉంది. సన్నగా, స్పష్టంగా... ఉంది. ఇసోగాయిగారికిచ్చాను. ఆయన రెండుసార్లు విని, పుస్తకం తిరగేసి, అద్దాలు నుదుటి మీదికి నెట్టాడు.

"అది చెప్పిందే కరెక్టు," అన్నాడు. "మీకన్నా మీ దెయ్యమే చదువుకున్నదండీ మిత్సుయోగారూ."

ఎవరికీ నవ్వు రాలేదు. ఇంతటితో మానేద్దామన్నాను నేను. ఆవిడ మెడ తడుముకుంది.

"పద్నాలుగులో రెండే అయ్యాయి. ఆపరేషనుకి పదహారు రోజులుంది. ఇంకో చోటుంటే చూపించండి, పోతాను."

మా దగ్గర లేదు.

నాలుగో రాత్రి ఇసోగాయిగారు కాపలాకి వెళ్ళాడు. తలుపు పక్కన చతికిలబడి, చేతులు కట్టుకుని, "కానివ్వండి, నేనున్నాగా," అన్నాడట. ఆవిడ మూడో భాగం మొదట్నుంచీ ఎత్తుకుంది. సగం సాగింది. కథలో పనిమనిషి వంటింట్లోకొచ్చి, నిన్న రాత్రి ఏదో చూశానని చెబుతుంది. 'నిన్న రాత్రి'ని ఆవిడ 'సాకుయా' అని చదివింది.

కంతలోంచి, విసుగ్గా—

"యూబే..."

ధన్‌మని చప్పుడైంది. తిరిగి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో ఇసోగాయిగారి చెప్పు ఒక్కటే ఉంది.

పరిగెత్తాలనే మిత్సుయోగారూ అనుకుంది. కాళ్ళు రాలేదు. చేతిలో పుస్తకం, ఎదురుగా మైకు, వెనక... అది. లేవలేని మనిషి ఇంకేం చేస్తుంది? చదవడం తప్ప మరోటి తోచలేదు. ఆ వాక్యమే మళ్ళీ చదివింది. ఈసారి 'యూబే' అంది.

"ఊఁ," అంది గొంతు.

బాగుందన్నట్టు.

"ఆ 'ఊఁ' వినగానే భయంలో చిన్న బీట పడిందండీ," అని నాకు చెప్పింది ఆవిడ. "చంపేది అయితే ఊఁ కొట్టదు కదా."

ఇసోగాయిగారు మర్నాడు చెప్పు కోసం వచ్చాడు, పట్టపగలు. ఫ్లాస్కు మూత తేవడానికి ఇంటికి పరిగెత్తానన్నాడు. మేమేం అడగలేదు.

ఆ తర్వాత ఆవిడ ఒక్కతే వెళ్ళింది. రాత్రికో భాగం. తప్పొస్తే కంత పలికేది. సరిగ్గా చదివితే ఊరుకునేది. కష్టమైన మాట దాటితే 'ఊఁ' వచ్చేది. ఏడో రాత్రికి ఆవిడకి ఎంత ధైర్యమొచ్చిందంటే, అక్షరం తెలియక ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగింది— "ఇదెలా చదవాలండీ... 'కొండ' గుర్తు పక్కన 'గాలి' గుర్తు ఉంది."

గొంతు చెప్పింది. ఆవిడ దండం పెట్టి చదివింది. గుసగుసలన్నీ నేను తీసేస్తూ వచ్చాను. తీసేసిన ప్రతిసారీ, ఎందుకో, లోపల్లోపలే క్షమాపణ చెప్పుకునేవాణ్ణి.

డిసెంబరు మూడు. ఆఖరి భాగం.

ఆ రాత్రి ఒక్క తప్పూ రాలేదట. తన గొంతు అంత బాగా ఎప్పుడూ పలకలేదట. చివరి వాక్యం చదివి, మైకు కట్టేసి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. మూడు రోజుల్లో ఈ గొంతు ఉంటుందో ఊడుతుందో. లేవబుద్ధి కాలేదు.

అప్పుడు వినిపించింది. ఇన్నాళ్ళూ ఒక్కో మాటే పలికిన గొంతు, మొదటిసారి నిండు వాక్యం పలికింది. చాలా జాలిగా—

"ఇంతకీ... నువ్వు పోయి ఎన్నేళ్ళయిందమ్మా?"

మిత్సుయోగారి పై ప్రాణాలు పైనే పోయాయి.

నిజంగానే తను పోయిందా? ఆపరేషను అయిపోయిందా? బల్ల మీదే పోయి, ఆ సంగతి తెలియక ఇక్కడికొచ్చి చదువుకుంటోందా? మోచేయి గిల్లుకుంది. నొప్పి పుట్టింది. అయినా నమ్మకం కుదరక ఇంకోసారి గిల్లుకుంది.

"నేను..." అంది మెల్లగా. "నేను పోలేదండీ."

అవతల ఏదో సర్దుకుని కూర్చున్న చప్పుడైంది.

"పోలేదూ?"

"లేదండీ. బతికే ఉన్నాను. మరి... తమరు?"

"నేనూ పోలేదే," అంది గొంతు. ఆ మాటలో కాస్త నిరాశ వినిపించిందట.

మిత్సుయోగారు దీపం పట్టుకుని బయటికొచ్చి, గోడ చుట్టూ తిరిగి వెళ్ళింది. వెనక మనిషి పట్టీపట్టని సందు. ఆ సందులోకి, కంతకి చేతికందేంత దగ్గర్లో, వెనకింటి వాళ్ళ కిటికీ. కొంచెం తెరిచి ఉంది. లోపల పరుపు మీద, బొంత భుజాల చుట్టూ లాక్కుని, పిడికెడంత ముసలావిడ. దీపం మొహం మీద పడినా కళ్ళు చికిలించలేదు. చూపు లేదు.

కుజుహారా టీచరమ్మ. ఎనభై ఎనిమిదేళ్ళు. సముద్రంలో మా ఊరికి ఎదురుగా కనిపించే ద్వీపంలో నలభై ఒక్క ఏళ్ళు భాష చెప్పిన మనిషి. కళ్ళు పోయాక, నిరుటి వసంతంలో కొడుకు ఇక్కడికి తెచ్చుకున్నాడు.

"గిడ్డంగిలో ఎవరుంటారే అని కోడల్ని అడిగాను," అందావిడ. "ముప్ఫై ఏళ్ళుగా తాళమేసి ఉంది, ఎవరూ లేరు అత్తయ్యా అంది. ఎవరూ లేనిచోట ఆడగొంతు వినిపిస్తే ఏమనుకోవాలి? అదే అనుకున్నాను."

"మరి భయం వెయ్యలేదాండీ?"

"ఎందుకు వెయ్యదు? రెండు రాత్రులు బొంత ముసుగు తియ్యలేదు. మూడోనాడు నువ్వు నింకి అన్నావు. లేచి కూర్చున్నాను." ఆవిడ గుసగుసలోనే కోప్పడింది. "పైగా పనిమనిషి నోట సాకుయానా? అది ఆఫీసు కాయితాల భాష తల్లీ. వంటింట్లో యూబే అంటారు. దెయ్యమైతే మాత్రం, తప్పు చదువుతుంటే చూస్తూ ఊరుకుంటామా?"

ఇద్దరూ కిటికీ అటూ ఇటూ నోళ్ళు మూసుకుని నవ్వుకున్నారు, కోడలు లేస్తుందని. వెళ్ళేముందు మిత్సుయోగారు ఆపరేషను సంగతి చెప్పింది. టీచరమ్మ చెయ్యి చాచి, తడుముకుంటూ ఆవిడ మెడ దొరికించుకుని, కాసేపు అరచెయ్యి అక్కడే ఉంచిందట.

ముసలి యజమాని గొంతు సవరింపు గురించి నేను తర్వాత కూడా టీచరమ్మని అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని.

ఆపరేషను బాగానే అయింది. గడ్డ హాని లేనిదే. కొత్త సంవత్సరం నాటికి కథ నెట్‌లోకి ఎక్కింది. విన్నవాళ్ళు రాసిన ఉత్తరాలు ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ తలూపింది. ఆరు వారాలు మాట్లాడకూడదన్నారు. పలక మీద రాసేది.

ఆ తర్వాత మాట వచ్చింది. కానీ అది ఆ గొంతు కాదు. మోటుగా, అడుగునుంచి, ఖాళీ పీపా రాళ్ళ మీద దొర్లినట్టు వచ్చేది. ఆవిడ ఫోను ఎత్తడం మానేసింది. మా దగ్గరికి రావడం మానేసింది. ఇసోగాయిగారు చేపలు పట్టుకెళ్తే తలుపు సందులోంచే తీసుకుని, వంగి దండం పెట్టి పంపేసింది.

ఫిబ్రవరిలో, మంచు పడిన ఓ రాత్రి, ఎవరికీ చెప్పకుండా తాళంచెవి తీసుకుని గిడ్డంగికి వెళ్ళింది. మైకు లేదు. దీపం కూడా వెలిగించలేదు. ఎవరూ వినకుండా, తన గొంతేమిటో తను ఒక్కసారి వినాలనిపించిందట. కంత దగ్గర చేరి, నోటికొచ్చిన పాత కథలో మొదటి వాక్యం, మెల్లగా, ఆ కొత్త గొంతుతో చదివింది.

కంత పలకలేదు.

"టీచరమ్మా..." అని పిలిచింది.

కిటికీ ఠపీమని మూసుకుంది. లోపలినుంచి వణుకుతున్న గొంతుతో బుద్ధుడి నామజపం మొదలైంది. ఈసారి నిజమైనదే వచ్చిందనుకుంది పాపం, దెయ్యానికి పాఠాలు చెప్పిన మనిషి.

మిత్సుయోగారు ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత చీకట్లో గోడకి ఆనుకుని, రెండు నెలల్లో మొదటిసారి, పగలబడి నవ్వింది.

ఆ నవ్వు విని, అవతల జపం ఇంకాస్త గట్టిగా అందుకుందట.