హారిమ్ చేతులు

మొక్‌పో రేవు పక్కనే మా కాలేజీ. అక్కడ ఫిజియోథెరపీ చివరి ఏడాది చదువుతున్నాను. వాన కురుస్తున్న సాయంత్రం. ప్రాక్టికల్ గదిలో నొప్పి మందుల వాసన, కిటికీలోంచి వచ్చే సముద్రపు నీచు కలిసిపోయి గుప్పుమంటున్నాయి. అందరూ నూడుల్స్ తినడానికి వెళ్ళిపోయారు. నేనూ హారిమ్ మిగిలాం.

ఈ హారిమ్ అంటే నాకు ఒళ్ళు మంట. నేను సూపర్ మార్కెట్లో పెట్టెలు మోసీ మోసీ చివరికి చదువులో చేరితే, ఇది బడి నుంచి నేరుగా వచ్చి నా నెత్తినెక్కి కూర్చుంది. కళ్ళు మూసుకుని ఎవరి వీపు మీద చెయ్యి వేసినా నడుములో నాలుగో వెన్నుపూస ఠక్కున పట్టేస్తుంది. నా బొటనవేలేమో ఎప్పుడూ ఒక పూస కిందకే జారుతుంది. "మిగ్యోంగ్, నీ వేళ్ళు నిద్రపోతున్నాయా?" అని మేడమ్ అందరి ముందూ అనేది. క్వాంగ్‌జు ఆసుపత్రిలో మా క్లాసుకి ఒక్కటే శిక్షణ సీటు, దాని వెనకే ఉద్యోగం. మర్నాడే పరీక్ష. ఆ సీటు ఎవరిదో అందరికీ తెలుసు.

"పడుకో అక్కా, పూస ఎలా దొరుకుతుందో నీ వీపు మీదే చూపిస్తా," అంది హారిమ్.

పైగా జాలి ఒకటి. పళ్ళు కొరుక్కుంటూనే బోర్లా పడుకుని, బల్లకున్న కన్నంలో మొహం పెట్టాను. పడుకున్నవాళ్ళు తల ఎత్తకూడదు, కదలకూడదు. ఒళ్ళు బిగిస్తే పూస దొరకదు. మాకు మొదటి రోజే నేర్పించిన పద్ధతి అది.

కన్నంలోంచి నేల, హారిమ్ తెల్ల బూట్లు కనబడుతున్నాయి. "ఇది మొదటిది... ఇది రెండోది..." అంటూ మెల్లగా నొక్కింది. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. ఎంత బాగున్నాయి ఆ చేతులు! దీనికెందుకివి, నాకుంటే ఏం పోయింది, అనుకున్నాను. కసిగా, మనసారా అనుకున్నాను.

లెక్క ఆగింది. చేతులు ఆగలేదు.

నడవాలోంచి గొంతు వినబడింది. "అక్కా, కాఫీకి వెళ్తున్నానని చెప్పి వచ్చాగా, నిద్రపోయావా? కాఫీ మిషను నాణెం మింగేసింది."

అది హారిమ్ గొంతు.

కళ్ళు తెరిచాను. బూట్లు లేవు... ఖాళీ నేల. వీపు మీద చేతులు మాత్రం ఉన్నాయి. తొందర లేకుండా పైకి పాకుతున్నాయి... మెడ దాకా వచ్చి, భుజాల మీదుగా దిగి, నా చేతుల మీద వేలికి వేలు ఆనించి ఆగాయి.

"ఎవరు?" గుసగుసగా అడిగాను.

 బరువు మెల్లగా తగ్గింది... నా చేతుల్లోకి ఇంకిపోయినట్టు.

మర్నాడు పరీక్షలో నా బొటనవేలు తిన్నగా వెళ్ళి నాలుగో పూస మీద ఆగింది. నేను వెతకనేలేదు. హారిమ్ మాత్రం వీపంతా తడిమి తడిమి నా వంక చూసింది.

"అక్కా... నా వేళ్ళకి ఏమీ తగలడం లేదు."

"కంగారుపడి ఉంటావులే," అన్నాను. లోపల ఎంత సంతోషమో. అబద్ధమెందుకు, ఇప్పటికీ ఆ మొహం తలుచుకుంటే నాకు హాయిగానే ఉంటుంది.

సీటు నాకే వచ్చింది. ఆసుపత్రిలో మొదటి రోజు ఓ ముసలామెను అప్పగించారు. చేపల బజారులో గంపలు మోసి నడుం పోగొట్టుకున్న మనిషి. బోర్లా పడుకోబెట్టి, చుట్టూ తెర లాగి, రెండు చేతులూ ఆమె నడుం మీద ఆనించాను. తెర లోపల మేమిద్దరమే.

"అబ్బ, ప్రాణం లేచొచ్చిందమ్మా," అంది కన్నంలోంచి. కాసేపటికి ఇబ్బందిగా కదిలింది.

"నీతో వచ్చిన ఆ అమ్మాయిని నా మెడ వదిలెయ్యమను తల్లీ... ఊపిరాడటం లేదు."