యాదన్న అడగని లీవు

ఏజెంట్ మహేంద్ర ఫ్యాక్టరీలో చెవిటివాడిగా చేరిన మర్నాడే దొరికిపోయాడు.

పాశమైలారంలోని ఆ మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్లో అతను సాంబారు అన్నం కలుపుకుంటుండగా, వెనక బెంచీ మీద ఎవరో తమ ఊళ్ళో పాము దూరిన ముచ్చట చెప్పుకుంటూ "పాము, పాము" అన్నారు. మహేంద్ర ప్లేటుతో సహా బల్ల ఎక్కేశాడు. చుట్టూ ఉన్న అసలు చెవిటివాళ్ళు తలెత్తి, బల్ల మీది మనిషిని చూసి, కడుపారా నవ్వుకుని, మళ్ళీ అన్నంలో చెయ్యి పెట్టారు. ఆ సాయంత్రమే అతని గేట్ పాస్ తీసేసుకున్నారు.

కబురు అమీన్‌పూర్ చేరింది. అక్కడ కొత్త అపార్ట్‌మెంట్ల మధ్య వాటర్ ప్యూరిఫయర్ల సర్వీస్ సెంటర్ ఒకటుంది. దాని వెనక గదుల్లో ఉన్నది ప్రభుత్వ నిఘా శాఖ బ్రాంచి. అప్పుడప్పుడు నిజంగానే ఎవరో ఫిల్టరు మార్చమని వస్తారు. మార్చి పంపిస్తారు కూడా.

మర్నాడు పొద్దున చీఫ్ హరినాథ్ సత్యశ్రీని పిలిపించాడు.

సత్యశ్రీకి పుట్టుకతోనే వినికిడి లేదు. మాట లేని వీడియోలు చూసి, మనుషుల పెదవులు ఏం పలుకుతున్నాయో రాసిపెట్టడం ఆ ఆఫీసులో ఆమె పని. ఫీల్డు డ్యూటీ కావాలని ఏటా అర్జీ పెడుతుంది. 'ఇయర్‌పీస్ వాడలేరు' అనే ఒక్క ముక్కతో అది ఏటా తిరిగొస్తుంది. కిటికీ లేని గదిలో కూర్చుని కూర్చుని, ఆమె మోకాలికి ఊగడం అలవాటైపోయింది. కుర్చీలో కూర్చుందంటే చాలు, అదొక్కటీ ఆగదు.

హరినాథ్ అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడే మనిషి. దానికి తోడు పై పెదవిని కప్పేసే మీసం. గోడవైపు తిరిగి సగం బ్రీఫింగ్ చెప్పేశాక, సత్యశ్రీ లేచి ఒక కుర్చీ తెచ్చి ఆయన ముందు వేసి, కూర్చోమని చెయ్యి చూపించింది. ఆయన కూర్చున్నాడు. మొదటినుంచి మళ్ళీ చెప్పాడు.

ఆ ఫ్యాక్టరీ సైన్యం కోసం ఒక ఇంజెక్షన్ తయారుచేస్తోంది. విషవాయువుకు విరుగుడు. మందును గడ్డకట్టించి ఆరబెట్టే మెషీన్ సెట్టింగులే దాని రహస్యమంతా. అవి ఒక్కొక్కటే ఒక విదేశీ ముఠాకు చేరిపోతున్నాయి. ఒక విదేశీ కొనుగోలుదారు తరఫున ఆడిటర్ వచ్చి వెళ్ళిన ప్రతిసారీ ఒక ముక్క బయటపడుతోంది. క్లీన్‌రూమ్‌లోకి ఫోన్లు, కాగితాలు వెళ్ళవు. జామర్ ఉంది. సీలింగ్‌లో వైరుతో మైకు పెడితే ఏసీ హోరు తప్ప ఏమీ దొరకలేదు.

"మాట లేకుండా, కాగితం లేకుండా వెళ్తోందంటే..." అని హరినాథ్ ఆగిపోయాడు.

సత్యశ్రీ ఫోన్లో టైప్ చేసి చూపించింది. 'డెఫ్ సెక్షన్ వాళ్ళ మీద అనుమానం. అంతేగా?'

"మేనేజ్‌మెంటుది అనుమానం కాదు, నిర్ణయం. వచ్చే ఆడిట్ అయ్యేలోపు మనిషి దొరక్కపోతే ఆ సెక్షనే మూసేస్తారు. అందరినీ ఇంటికి పంపేస్తారు. ఇంకో కంపెనీ వాళ్ళను మళ్ళీ తీసుకుంటుందా? నీకు నేను చెప్పాలా అమ్మాయ్?"

చెప్పక్కర్లేదు. ఇంటర్వ్యూ గదుల్లో తనకు వినపడదని తెలిసిన క్షణంలో మారిపోయే ముఖాలు ఆమె ఎన్నో చూసింది.

లోపల తమ మనిషి ఒకామె ఉందని, పేరు ప్రేమలత అని చెప్పాడు. పుట్టు చెవిటి, మాట రాదు, చేతుల భాష వచ్చు, ఇంగ్లీషు బాగా రాస్తుంది. వచ్చే సమాచారమంతా ఆమె ఇస్తున్నదే. తర్వాత గ్యాడ్జెట్లు బల్ల మీద పెట్టాడు. లోపల కెమెరా దాచిన హియరింగ్ ఎయిడ్. చీఫ్ నుంచి జామర్‌కు చిక్కని సిగ్నల్ వస్తే అదిరే చేతిగాజు. చివరగా కోడ్ నేమ్: కోయిల.

'ఇది ఎవరి ఐడియా?' అని ఆమె టైప్ చేసింది. హరినాథ్ ఫ్యాను వైపు చూశాడు.

ఇంట్లో తల్లి లక్ష్మీనరసమ్మకు, డిప్యుటేషన్ మీద ప్యాకింగ్ పనికి పంపిస్తున్నారని చెప్పక తప్పలేదు. ఆవిడ డిగ్రీ చదివిన పిల్ల మందు సీసాలు సర్దడమేమిటని వంటింట్లో గిన్నెలన్నీ గట్టిగా పెట్టింది. ఆ చప్పుడు కూతురికి వినపడదని ఎప్పుడూ గుర్తుండదు. కోపం తీరాక టిఫిన్ డబ్బాలో గోంగూర పచ్చడి ఎక్కువేసింది.

* * *

కోయిల గ్యాడ్జెట్ల కథ గేటు దాటగానే ముగిసింది. క్లీన్‌రూమ్‌లోకి వెళ్ళేవాళ్ళు తలనుంచి మెడదాకా తెల్లటి హుడ్ వేసుకోవాలి. హియరింగ్ ఎయిడ్, దాని కెమెరా, రెండూ దాని కిందే ఉండిపోయాయి. అందరి మూతులకూ మాస్కులు. ఇక పెదవులు చదివేదేముంది? గాజు మాత్రం గ్లవ్ కింద మిగిలింది. టెక్నికల్ వింగ్‌లో ఒక్కరైనా ఇలాంటి గదిలో అడుగుపెట్టి ఉండరని ఆమెకు అర్థమైంది.

గదికి ముందు ఎయిర్‌లాక్ అనే చిన్న గది ఉంది. దానికి మూడు తలుపులు. ఒకటి క్లీన్‌రూమ్‌లోకి, ఒకటి సందర్శకుల కారిడార్‌లోకి, ఒకటి బయటికి. ఏ ఒక్కటి తెరిచి ఉన్నా మిగతా రెండూ తెరుచుకోవు. క్లీన్‌రూమ్ లోపల పొడవాటి స్టీలు బల్ల. దానికి రెండు పక్కలా కూర్చుని సీసాలను వెలుగుకు ఎత్తి నలక ఉందేమో చూడాలి. కారిడార్ వైపు గోడంతా అద్దం. దాని పక్కన ఇంటర్‌కామ్.

వీళ్ళు మాట్లాడుకోరు కాబట్టి పని బాగా సాగుతుందని కంపెనీ ధీమా. నిజానికి సీసాకూ సీసాకూ మధ్య ఆ బల్ల చుట్టూ జరిగే ముచ్చట్లు ఏ క్యాంటీన్లోనూ జరగవు. ఎవరినైనా పిలవాలంటే బల్ల మీద అరచేత్తో ఒక దెబ్బ. మోచేతుల్లోంచి అదురు పాకి అందరూ తలెత్తుతారు.

పెద్దవాడు యాదన్న. పాశమైలారం ఊరివాడే. ఆయన చేతులకు కూడా ఆ ఊరి యాస ఉంది. మొదటి రోజే సత్యశ్రీకి సైగ పేరు పెట్టేశాడు. రెండు వేళ్ళు కిందికి దించి టకటకా ఊపడం. ఊగే మోకాలు. బల్లంతా దాన్ని ఒప్పుకుంది. ప్రభుత్వం పెట్టిన కోయిల అనే పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఫైర్ సైరన్‌కు ఎర్ర లైటు పెట్టమని ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నామని, ఒకసారి డ్రిల్లులో ఫ్యాక్టరీ అంతా బయటికెళ్ళి నిలబడితే తాము మాత్రం సీసాలు చూస్తూనే ఉన్నామని ఆయన నవ్వుతూ చెప్పాడు. కొత్తగా చేరిన ఇంటర్ పాసైన పిల్లలు ఆయనకంటే ముందు ఆపరేటర్లయ్యారట. మీటింగుల్లో ఏం చెప్తున్నారో తెలియక చివర్లో చప్పట్లు మాత్రం కొట్టి వస్తామన్నాడు.

లైన్ లీడర్ ప్రేమలత. ఆమె ఫొటో రిసెప్షన్‌లో గోడంత ఉంది. మాస్కు మీద కాటుక కళ్ళు తప్ప ఏమీ కనపడకపోయినా, ఆమె నడిచొస్తే అద్దం అవతలి వాళ్ళు సర్దుకుని నిలబడేవాళ్ళు. సూపర్‌వైజర్ వీర్రాజుకు, వీళ్ళకు మధ్య మాట నడిపేది ఆమే. వీళ్ళ సైగలు చూసి బోర్డు మీద ఇంగ్లీషులో రాసి చూపిస్తుంది.

టీ విరామంలో యాదన్న సత్యశ్రీని పక్కకు పిలిచాడు.

"చెల్లె, గామె అద్దం కాడ నిలబడి చేతులు ఆడిస్తది సూడు, అవి మన సైగలు కావు. ఆ ఫారినోడు వచ్చినప్పుడే ఆడిస్తది. నేను వీర్రాజు సారుకు చెప్పిన."

"ఏమన్నాడన్నా?"

"లీవు ఇచ్చిండు."

సత్యశ్రీకి అర్థం కాలేదు. ఆయన మళ్ళీ చెప్పాడు.

"సారుకు మన చేతులు తెల్వదు గద. మధ్యల ఆమెనే నిలబెట్టిండు. నేను ఆమె మీదనే చెప్తున్న, ఆమెనే రాస్తున్నది. యాదన్నకు లీవు గావాలె అని రాసింది. మంచోడే, ఇచ్చిండు. మళ్ళ పోయి చెప్పిన, మళ్ళ ఇచ్చిండు. ఇంట్ల నా పెండ్లాం పరేషాన్. పనిలకెల్లి తీసేసిండ్రా ఏంది, మాటిమాటికి ఇంట్ల కూసుంటున్నవు అంటది."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఒక మనిషి సాక్ష్యం చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ దాన్ని నిందితురాలే రాసుకుంది.

కానీ ఇది సాక్ష్యమవుతుందా? లీడర్ మీద కార్మికుడికి కోపమని కొట్టేస్తారు. ఆడిట్ రేపే. సత్యశ్రీ మోకాలు బల్ల కింద ఊగుతూనే ఉంది. సీసాలో నలక కనపడటం లేదు. అప్పుడే వెనక ఎవరో తోసుకొస్తున్న స్టీలు డ్రమ్ము జారి నేల మీద పడింది. అదురు అరికాళ్ళలోంచి వెన్నుదాకా పాకింది. బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి.

ప్రేమలత తల తిరగలేదు. రెప్ప కూడా కొట్టకుండా సీసాను వెలుగులో చూస్తూనే ఉంది.

ఇన్నాళ్ళూ బల్ల మీద దెబ్బకు ఆమె తలెత్తకపోతే గర్వమనుకున్నారంతా. గర్వం కాదది. వినపడే మనిషికి ఇచ్చిన ట్రైనింగ్. చప్పుడుకు తిరగొద్దని ఆమెకు నేర్పినవాళ్ళకు చెవులున్నాయి. చెవిటివాళ్ళు తిరిగే చప్పుళ్ళు కూడా ఉంటాయని వాళ్ళకెలా తెలుస్తుంది?

గేటు బయట టీ బండి దగ్గర ఆమె కబుర్లు ఆఫీసుకు చేరవేసే కాంటాక్ట్ ఉన్నాడు. మహేంద్రే. పాము వ్యవహారం తర్వాత గళ్ళ లుంగీ కట్టించి బండి అప్పగించారు. పాపం సైగలు నేర్చుకుంటున్నాడు గానీ 'తలుపు తెరువు' అనబోయి ప్రతిసారీ 'వంకాయ' అంటాడు. అతని ద్వారా పంపిన రిపోర్టుకు హరినాథ్ జవాబు పొడిగా వచ్చింది. ప్రేమలత మన సోర్స్. తల తిరగకపోవడం కోర్టులో నిలవదు. చేతులు ఆడిస్తే స్వాగతం చెప్పానంటుంది. ప్రూఫ్ లేకుండా విదేశీయుణ్ణి ముట్టుకోలేం. రేపు సాయంత్రం సెక్షన్ మూసివేత నోటీసు అంటిస్తారు.

* * *

ఆడిటర్ మధ్యాహ్నం వచ్చాడు. మందపాటి ఫ్రేము కళ్ళజోడు. కెమెరా అందులోనే ఉండాలి. జామర్ వల్ల బొమ్మలు గదిలోంచి పోలేవు, అతను గేటు దాటితే మాత్రం పోతాయి.

ప్రేమలత అద్దం ముందుకు నడిచి, బల్లకు వీపు పెట్టి నిలబడింది. పక్కనే, అద్దం అవతలికి కనపడకుండా తిరిగి ఉన్న మెషీన్ ప్యానెల్ మీద పచ్చటి అంకెలు. ఆమె మోచేతులు మెల్లగా కదలసాగాయి.

సత్యశ్రీ లేచింది. అరవలేదు. కెమెరా హుడ్ కింద గుడ్డిదై ఉంది. పరుగెత్తి చేతులు పట్టుకుంటే రేపు పేపర్లో చెవిటి కార్మికురాలి దాడి అని వస్తుంది. ఆ చేతులు ఆగాలి. చేతులు ఆగిపోతే ఆమెకు ఇంకేం మిగులుతుంది?

డెఫ్ స్కూలు హాస్టల్లో పిల్లల్ని పిలవాలంటే వార్డెన్ లైటు ఆర్పి మళ్ళీ వేసేది. లైటు పోయిందంటే మాటలు పోయినట్టే. పక్కనున్న స్నేహితురాలితో కూడా మాట్లాడటం కుదిరేది కాదు.

స్విచ్చులు బల్ల అవతలి కొసన, గోడకు ఉన్నాయి. ఆమె నడిచింది. వీర్రాజు వెనకనుంచి అరుస్తూనే ఉండి ఉంటాడు. వినపడకపోవడం వల్ల ఉద్యోగంలో ఆమెకు కలిగిన మొదటి లాభం అది. గదివీ కారిడార్‌వీ స్విచ్చులన్నీ అరచేత్తో ఒక్కసారిగా కిందికి లాగేసింది.

చీకటి. ప్యానెల్ మీద పచ్చటి అంకెలు తప్ప ఏమీ లేవు. ఏమీ జరగలేదు. ఇంకా ఏమీ జరగలేదు. ఆమె లెక్క తప్పితే రేపటినుంచి ఆ బల్ల ఖాళీ.

అద్దం పక్కన ఎర్ర చుక్క ఒకటి వెలిగింది. ఇంటర్‌కామ్. ఎవరో బటన్ నొక్కారు.

మరుక్షణం గ్లవ్ కింద గాజు అదిరింది. ఆగకుండా, పిచ్చెత్తినట్టు అదిరింది. ఏసీ హోరు తప్ప ఏమీ వినని సీలింగ్ మైకు అమీన్‌పూర్‌లో ఒక ఆడగొంతును వినిపించింది. పుట్టుమూగ ప్రేమలత గొంతు: "మైనస్ ఫార్టీ టూ. లాస్ట్ నంబర్. గో."

సత్యశ్రీ లైట్లు వేసింది. ప్రేమలత వేలు ఇంకా బటన్ మీదే ఉంది. ఆడిటర్ ఎయిర్‌లాక్ వైపు పరుగు తీస్తున్నాడు. సత్యశ్రీ బల్ల మీద గట్టిగా కొట్టింది. తలలన్నీ లేచాయి. తలుపుకు దగ్గరగా ఉన్నది యాదన్న.

"అన్నా, తలుపు తీసి పట్టుకో."

ఎందుకని ఆయన అడగలేదు. క్లీన్‌రూమ్ తలుపు బార్లా తీసి వీపు ఆనించి నిలబడ్డాడు. కారిడార్ తలుపు బిగుసుకుపోయింది. ఆడిటర్ హ్యాండిల్ పట్టుకుని లాగాడు, తన్నాడు. గేటు దగ్గర అతని కారు ఇంజను ఆన్ చేసుకునే ఉంది.

ప్రేమలత మాస్కు కిందికి లాగింది. లిప్‌స్టిక్ పెదవుల మీద మొదటిసారి మాటలు కనపడ్డాయి. "నీకెలా తెలిసింది?"

జవాబుగా సత్యశ్రీ బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టింది. ఈసారి ప్రేమలత ఉలిక్కిపడి బల్ల వైపు తిరిగింది.

బయటి తలుపు చిన్న అద్దంలో, చీఫ్ కబురుతో పరుగెత్తుకొచ్చిన మహేంద్ర ముఖం కనిపించింది. వెనక గార్డులు. తలుపు బాదుతున్నాడు గానీ వినేవాళ్ళెవరు? చివరికి రెండు చేతులూ ఎత్తి ఆత్రంగా సైగ చేశాడు.

"వంకాయట," అని యాదన్న సత్యశ్రీకి చెప్పి, తన తలుపు మూశాడు. బయటి తలుపు తెరుచుకుంది.

* * *

మూసివేత నోటీసు అంటించలేదు. రిసెప్షన్‌లో ప్రేమలత ఫొటో తీసేసిన చోట గోడ కొత్తగా కనిపిస్తోంది. సైరన్‌కు ఎర్ర లైటు వచ్చింది. చేతుల భాష చదువుకున్న దుబాసీ ఒకతను ఉద్యోగంలో చేరాడు. సత్యశ్రీ ఫీల్డు అర్జీ మీద ఈసారి 'ఇయర్‌పీస్ అవసరం లేదు' అని రాసి వచ్చింది. హరినాథ్ తన మీసం అంచులు కత్తిరించుకున్నాడు. కోడ్ నేమ్ మార్చమని ఆమె పట్టుబడితే 'మోకాలు' అని ఫైల్లో ఎక్కించాడు. లక్ష్మీనరసమ్మకు మాత్రం ఇంకా డిప్యుటేషన్ అనే తెలుసు.

వీర్రాజుకు కొత్త ఆర్డరు వచ్చింది. డెఫ్ లైన్ నుంచి లీవు మాట వస్తే ముందుగా సెక్యూరిటీకి చెప్పాలి.

వారం తిరగకముందే యాదన్న పెద్ద బిడ్డకు సంబంధం చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. జీవితంలో మొదటిసారి ఆయన నిజంగానే లీవు అడిగాడు. దుబాసీ పొల్లుపోకుండా చెప్పాడు. నిమిషంలో ఎయిర్‌లాక్ తలుపులు బిగుసుకున్నాయి, గార్డులు పరుగెత్తుకొచ్చారు, ఎర్ర లైటు గిరగిరా తిరిగింది.

ఆ లైటు మాత్రం బాగా పనిచేస్తోందని యాదన్న మెచ్చుకున్నాడు.