చివరి వరుసలో నాలుగు గంటలు

డాక్టర్ యశోధర మీట నొక్కగానే విమానంలోని ప్రయాణికులంతా ఒక్కసారిగా ఆగిపోయారు. ఒకాయన ఆవులింత సగంలో నిలిచిపోయింది. ఒక పాప చేతిలోంచి జారిన బిస్కెట్టు గాల్లోనే ఉండిపోయింది. తన యంత్రం పనిచేసిందని యశోధరకు అర్థమైంది.

విశాఖపట్నం నుంచి సింగపూర్‌కు మూడు వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ. నాలుగు గంటల ప్రయాణం. విమానం వేగం పెంచడం ఎవరివల్లా కాకపోవడంతో యశోధర మరో దారి పట్టింది. ప్రయాణికులు కూర్చునే చోట కాలాన్నే నెమ్మదింపజేసే స్టిల్ ఫీల్డ్ తయారుచేసింది. బయట నాలుగు గంటలు గడిచినా లోపలున్నవాళ్ళకు రెప్పపాటే. బెల్టు పెట్టుకోవడం, బెల్టు తీయడం, అంతే. జనం టిక్కెట్ల కోసం ఎగబడ్డారు. కాసేపు ఊరికే కూర్చునే ఓపిక మనకు ఎప్పుడో పోయింది కదా.

పైలట్లు, వెనక వంటగది దగ్గర కాపలా ఉండే ఒక ఎయిర్ హోస్టెస్ మాత్రం ఫీల్డ్ బయట ఉండాలి. ఆ ఎయిర్ హోస్టెస్ పేరు తులసి.

తులసి భర్త సింహాద్రి ఓడల మరమ్మతు ఇంజనీరు. విశాఖ, సింగపూర్ రేవుల మధ్య తిరుగుతూనే ఉంటాడు. అతను నేలమీద ఉన్నప్పుడు ఆమె గాల్లో ఉంటుంది. అందుకే పట్టుబట్టి ఆమె డ్యూటీలో ఉన్న విమానంలోనే చివరి వరుస సీటు తీసుకునేవాడు. తెర వెనక ఆమె క్యారియర్ విప్పుకుని ఇద్దరూ పెరుగన్నం, బెండకాయ వేపుడు తినేవాళ్ళు. పోట్లాడుకునేవాళ్ళు, దిగేలోపు రాజీపడేవాళ్ళు. వాళ్ళ కాపురమంతా ఆ నాలుగు గంటలే.

ఫీల్డ్ వచ్చాక అతను అదే సీట్లో కూర్చుని నవ్వుతూ ఆగిపోయేవాడు. తులసి ఫీల్డ్ అంచుకు ఇవతల కూర్చుని, అతన్ని చూస్తూ ఒక్కతే తినేది. అంతమంది మధ్య అంత ఒంటరితనం పగవాళ్ళకు కూడా వద్దు.

ఆఖరికి యశోధరనే అడిగింది. "మేడమ్, ఒక్క సీటు ఫీల్డ్ బయట ఉంచగలరా? మా ఆయన కోసం."

"ఇన్నాళ్ళలో ఎవరూ ఇలా అడగలేదు తులసి గారూ. నాలుగు గంటలు వృథా కదా?"

"మాకున్నవి అవే మేడమ్."

యశోధర ఒప్పుకుంది. వెనక గోడ పక్క సీటును ఫీల్డ్ బయటికి మార్పించింది.

ఆ తర్వాతి ప్రయాణానికి తులసి తెల్లారకముందే లేచి వేపుడు చేసుకొచ్చింది. సింహాద్రి మామూలు సీట్లో కూర్చోబోతుంటే ఆపింది. "ఇక్కడ కూర్చోండి. దీనికి ఫీల్డ్ తగలదు. మీతో మాట్లాడాలి."

సింహాద్రి ఆ సీటు వంక ఇబ్బందిగా చూశాడు. "నాలుగు గంటలూ మేలుకునుండాలా? అలవాటు తప్పిపోయిందే. దిగగానే పనుంది కూడా." తన సీట్లోనే కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. "ఇంకోసారి కూర్చుంటాలే తులసీ. దిగాక..."

తలుపులు మూశారు. ఫీల్డ్ పడింది.

తులసి ఫీల్డ్ అంచుకు ఇవతల, అతని మొహం కనిపించేలా నిలబడింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ముందు తిట్టింది, తర్వాత ఏడ్చింది. విమాన సంస్థ వాళ్ళు విశాఖ ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారని, అతన్ని చూడ్డానికే ఇన్నాళ్ళూ వద్దంటూ వచ్చానని, ఇప్పుడు ఒప్పుకుంటున్నానని చెప్పింది. కిటికీలో సింగపూర్ ఓడలు కనిపించేసరికి ఆమె దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

విమానం ఆగింది. ఫీల్డ్ తీశారు.

"...మాట్లాడుకుందాం," అంటూ సింహాద్రి బెల్టు తీసుకున్నాడు.

"నేను మాట్లాడేశానండీ," అంది తులసి.